ఇంజిన్ మారింది, స్టీరింగ్‌కు దారేది?

పాత కారులో పెద్ద ఇంజిన్ దింపాను. బాగానే కూర్చుంది. తీరా చూస్తే స్టీరింగ్ షాఫ్ట్ పోయే దారిలో ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (ఇంజిన్ పొగ బయటికి పోయే గొట్టాల గుత్తి) అడ్డంగా ఉంది, రాక్‌కు (స్టీరింగ్ తిప్పితే పక్కలకు జరిగి చక్రాలను తిప్పే పళ్ల కడ్డీ) సంప్ (ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) తగులుతోంది. రాక్‌ను 20 మిల్లీమీటర్లు కిందికి దించాను, షాఫ్ట్‌ను పక్కకు తిప్పాను. మీకూ అదే అవసరం పడితే, ముందు ఇనుము జోలికి పోకండి. ఒక చెక్క కర్ర పెట్టి దారి చూసుకోండి. నడిచేటప్పుడు ఇంజిన్ మౌంట్ల మీద ఊగుతుంది కాబట్టి చుట్టూ వేలు పట్టేంత ఖాళీ అయినా వదలాలి.

షాఫ్ట్ వంగాలంటే యూ జాయింట్ కావాలి, అంటే రెండు షాఫ్ట్‌లను కోణంలో కలిపే కీలు. ఒక్కటే వేసి 30 డిగ్రీలు వంచితే, స్టీరింగ్ చక్రాన్ని మీరు ఒకే వేగంతో తిప్పినా అవతలి షాఫ్ట్ ఒకచోట 15 శాతం ఎక్కువ వేగంతో, ఇంకోచోట 13 శాతం తక్కువ వేగంతో తిరుగుతుంది. రెండో జాయింట్‌కు కూడా అంతే వంపు ఇస్తే మొదటిది చేసిన తప్పును అది దిద్దుతుంది. అయితే మూడు షాఫ్ట్‌లూ ఒకే తలంలో ఉండాలి, మధ్య షాఫ్ట్ రెండు చివర్ల ఫోర్కులూ (జాయింట్‌ను పట్టుకునే రెండు కొమ్ముల కొసలు) ఒకే వరసలో ఉండాలి. నేను తొందరలో వాటిని 90 డిగ్రీల తేడాతో బిగించాను. తప్పు దిద్దుకోకపోగా రెట్టింపైంది. స్టీరింగ్ చక్రం ఒక చుట్టు తిరిగేలోపు రెండుసార్లు బరువెక్కి, రెండుసార్లు తేలికయ్యేది. రాక్ పాడైందనుకుని రెండు రోజులు దాన్నే తిట్టుకున్నాను.

మూడు జాయింట్లు పెట్టాల్సి వస్తే మధ్యలో షాఫ్ట్‌ను పట్టుకోవడానికి ఫ్రేమ్‌కు బిగించిన బేరింగ్ తప్పనిసరి. లేకపోతే షాఫ్ట్ తాడులా ఊగుతుంది. డబుల్ డి షాఫ్ట్ (రెండు పక్కలా చదునుగా ఉండే షాఫ్ట్) వాడితే వెల్డింగ్ అక్కర్లేదు. జాయింట్‌ను షాఫ్ట్‌కు బిగించే సెట్ స్క్రూ దిగేచోట షాఫ్ట్ మీద చిన్న గుంట డ్రిల్ చేసి, పైన లాక్ నట్ వేస్తే చాలు.

అసలు తలనొప్పి టై రాడ్‌లది, అంటే రాక్ చివరల నుంచి చక్రాలకు పోయే కడ్డీలది. రాక్ దించడంతో లోపలి చివర దిగింది, బయటి చివర మాత్రం పాత ఎత్తులోనే ఉండిపోయింది. ఇక కారు ముందు చక్రం గుంతలో పడి లేచినప్పుడల్లా దానంతట అదే పక్కకు తిరుగుతుంది. ఎంత తిరుగుతుందో చూడాలంటే స్ప్రింగ్ తీసేసి, స్టీరింగ్‌ను కదలకుండా కట్టేసి, హబ్‌కు (చక్రం బిగించే భాగం) చదునైన బోర్డు బిగించి, జాకీతో మెల్లగా ఎత్తండి. బోర్డు ముందు అంచు, వెనక అంచు ఎంతెంత జరిగాయో ప్రతి 10 మిల్లీమీటర్లకూ రాసుకోండి. నాకు 4 మిల్లీమీటర్ల తేడా వచ్చింది.

టై రాడ్ బయటి చివర ఉండే రాడ్ ఎండ్‌ను (లోపల బాల్ ఉన్న కీలు) స్టీరింగ్ ఆర్మ్ (చక్రాన్ని తిప్పే చేయి) కింద బిగించి, మధ్యలో స్పేసర్ (ఎడం కోసం పెట్టే ముక్క) మందం మారుస్తూ తేడా దాదాపు పోయేదాకా దించాను. కొలత తేలాక వాషర్లు దొంతరగా వదలొద్దు, లేత్ మీద ఒకే ముక్కగా చేయించుకోండి. స్పేసర్ పొడవయ్యేకొద్దీ బోల్ట్ మీద వంచే బలం పెరుగుతుంది. రాడ్ ఎండ్ కింద దాని కన్నం కంటే పెద్ద వాషర్ వేయండి, బాల్ ఊడినా రాడ్ జారిపోదు. రాడ్ ఎండ్ థ్రెడ్ టై రాడ్ లోపలికి కనీసం తన వ్యాసానికి ఒకటిన్నర రెట్లు దిగాలి. స్టీరింగ్ ఆర్మ్‌ను మాత్రం కాల్చి వంచొద్దు, దానికి వెల్డింగూ చేయొద్దు. ఈ ఒక్క విషయంలో నేనెవరితోనూ వాదించను.

చివరగా సస్పెన్షన్ పూర్తిగా పైకి లేపి ఒకసారి, పూర్తిగా దించి ఒకసారి, స్టీరింగ్ చక్రాన్ని ఆ చివర నుంచి ఈ చివరదాకా తిప్పి ఎక్కడైనా రాసుకుంటోందేమో చూడండి. బిగించిన ప్రతి నట్టు మీదా పెయింట్ గీత పెట్టండి, నట్టు వదులైతే గీత జరిగి తెలిసిపోతుంది. మొదటిసారి నెమ్మదిగా నడిపి వచ్చాక చూస్తే నా కారులో ఎడమవైపు లాక్ నట్ గీత పక్కకు జరిగి ఉంది.