ప్రయాణాల పుస్తకం మన చేతులతో – రెండవ పాఠం: కోత, మడత, కుట్టు

మొదటి పాఠంలో ఇంట్లో పడి ఉన్న కాగితాల్లో ఏవి పనికొస్తాయో ఏరి పక్కన పెట్టుకున్నాం. ఒకవైపే అచ్చయిన కాగితాలు, పాత నోటుపుస్తకాల్లో మిగిలిపోయిన ఖాళీ పేజీలు, ప్యాకింగులో వచ్చిన గోధుమరంగు కాగితం, అన్నీ సిద్ధంగా ఉన్నాయనుకుంటాను. ఈ పాఠంలో వాటిని కోసి, మడిచి, కుట్టి ఒక చిన్న పుస్తకం చేద్దాం. జిగురు అక్కర్లేదు, యంత్రం అక్కర్లేదు. సూది, దారం, దబ్బనం, కత్తెర, స్కేలు, ఒక చెంచా, ఒక కొవ్వొత్తి ఉంటే చాలు.

పనిలోకి దిగేముందు ఒక సంగతి మనసులో పెట్టుకోండి. మామూలు నోటుపుస్తకంలో సిరా తప్ప మరేదీ చేరదు. ప్రయాణాల పుస్తకంలోకి బస్సు టికెట్లు వస్తాయి, ఊరి పటం వస్తుంది, ఎవరో దారి గీసి ఇచ్చిన చీటీ వస్తుంది, ఎండిన ఆకు వస్తుంది. పేజీలు లావెక్కుతూ పోతాయి గానీ వెన్ను మాత్రం కుట్టిననాటి మందంలోనే ఉండిపోతుంది. సగం నిండేసరికి పుస్తకం విసనకర్రలా విచ్చుకుంటుంది, అట్ట వంగుతుంది, కుట్టు దగ్గర కాగితం చిరగడం మొదలవుతుంది. ఎంత ఖరీదు పెట్టి కొన్న పుస్తకానికైనా ఇదే గతి. అందువల్ల రాబోయే వాటికి మనం ముందే చోటు ఉంచి కుట్టాలి. చేత్తో చేసుకోవడంలో అసలు లాభం ఇదేనని నా గట్టి నమ్మకం. డబ్బు ఆదా కావడం దాని తర్వాతే.

కాగితానికీ ఒక దిశ ఉంటుంది

యంత్రం మీద కాగితం తయారయ్యేటప్పుడు అందులోని నార చాలావరకు యంత్రం కదిలే దిశలోనే పరుచుకుంటుంది. ఆ దిశకు సమాంతరంగా మడిస్తే మడత శుభ్రంగా, పదునుగా పడుతుంది. అడ్డంగా మడిస్తే మడత అంచు గరుకుగా తేలుతుంది, పేజీ తెరిచినా మళ్లీ లేచి నిలబడుతుంది. పైగా తడి తగిలినప్పుడు నార పొడవునా పెద్దగా సాగదు, అడ్డంగా ఉబ్బుతుంది. మడతకు అడ్డంగా నార ఉన్న పేజీ మీద జిగురు రాస్తే, అది వెన్ను దగ్గర ముడతలు పడేది అందుకే.

దిశ తెలుసుకోవడం సులువు. కాగితాన్ని మడత పడకుండా మెల్లగా వంచి, అరచేత్తో నొక్కి చూడండి. ముందు నిలువుగా, తర్వాత అడ్డంగా. ఎటు వంచినప్పుడు తక్కువ ఎదురుతిరిగిందో ఆ వంపు గీతే నార దిశ. అనుమానం తీరకపోతే ఒక పనికిరాని కాగితాన్ని చించండి: నార వెంబడి చిరుగు దాదాపు తిన్నగా పోతుంది, అడ్డంగా చించితే వంకరలు తిరుగుతుంది.

ఇప్పుడు దీన్ని కొలతతో కలిపి చూద్దాం. ఏ4 కాగితం 210 మి.మీ. వెడల్పు, 297 మి.మీ. పొడవు. ప్రింటరుకు వాడే ఏ4 కాగితాల్లో సాధారణంగా నార పొడవు వెంబడి ఉంటుంది. అలాంటి కాగితాన్ని నేరుగా సగానికి మడిస్తే మడత నారకు అడ్డం పడుతుంది. అదే కాగితాన్ని ముందు సగానికి కోసి రెండు ఏ5 ముక్కలు చేసి, ఒక్కో ముక్కను మళ్లీ సగానికి మడిస్తే మడత నార వెంబడే పడుతుంది. వచ్చేది 105 మి.మీ. వెడల్పు, 148 మి.మీ. ఎత్తు ఉన్న జేబు పుస్తకం. ప్రయాణానికి ఇంతకంటే వీలైన కొలత నాకు కనిపించలేదు. నిలబడి రాయాల్సి వచ్చినా ఒక చేత్తో పట్టుకోవచ్చు.

మూడు ఏ4 కాగితాలు తీసుకోండి. సగానికి కోస్తే ఆరు ముక్కలు, మడిస్తే పన్నెండు ఆకులు, అంటే 24 పేజీలు. 80 జీఎస్‌ఎం, అంటే చదరపు మీటరుకు 80 గ్రాములు తూగే ఏ4 కాగితం ఒక్కొక్కటి 5 గ్రాములు తూగుతుంది కాబట్టి ఈ పుస్తకం లోపలి బరువు 15 గ్రాములే. ఒకే మడతలో ఇమిడే ఇలాంటి కట్టను ఇకపై ‘ఫారం’ అందాం.

ఆరింటినీ కలిపి ఒకేసారి మడవకండి. ఒక్కొక్కటిగా మడిచి, చెంచా వెనకభాగంతో మడత మీద మధ్యనుంచి అంచులకు రుద్ది, ఒకదానిలో ఒకటి చొప్పించండి. లోపలి ఆకులు బయటివాటికంటే అర మిల్లీమీటరు దాకా ముందుకు పొడుచుకొస్తాయి. అది తప్పు కాదు, మడత స్వభావం. కావాలంటే కత్తిరించండి, నేను మాత్రం అలాగే ఉంచుతాను.

ఎడం ఉంచే పట్టీలు

ఈ పాఠానికి గుండెకాయ ఇదే, కాబట్టి తొందరపడకండి. కాస్త మందమైన కాగితం నుంచి, పాత క్యాలెండరు ఆకు గానీ పెద్ద కవరు గానీ సరిపోతుంది, 148 మి.మీ. పొడవు, 40 మి.మీ. వెడల్పు ఉన్న పట్టీలు మూడు కోయండి. ఇక్కడ కూడా నార పొడవు వెంబడి ఉండేలా చూసుకోండి. ఒక్కో పట్టీని నిలువునా సగానికి మడిస్తే ఇరువైపులా 20 మి.మీ. రెక్కలు వస్తాయి. ఫారంలో రెండో ముక్కకూ మూడో ముక్కకూ మధ్య ఒకటి, నాలుగుకూ ఐదుకూ మధ్య ఒకటి, అన్నిటికీ బయట ఒకటి పెట్టండి.

ఇవి వెన్నులో మందం పెంచుతాయి, పేజీల అంచు వైపు మాత్రం ఖాళీ వదిలేస్తాయి. ఇప్పుడు ఫారం మూసి చూస్తే వెన్ను లావుగా, అంచు పల్చగా ఉంటుంది. చూపుకు కాస్త వింతగా ఉన్నా కంగారు పడకండి. మీరు అతికించే టికెట్లు, బొమ్మలు ఆ తేడాను పూడ్చినప్పుడు పుస్తకం చదునుగా మూసుకుంటుంది. ఎన్ని పట్టీలు పెట్టాలన్నది మీ అలవాటును బట్టి ఉంటుంది. రాతే ఎక్కువైతే ఒకటి చాలు. కనిపించిన ప్రతి చీటీనీ దాచుకునేవారైతే ప్రతి రెండు ముక్కల మధ్యా ఒకటి పెట్టండి.

ఈ పట్టీలతో మరో ఉపయోగం ఉంది. రెండువైపులా చదవాల్సిన కార్డు దొరికితే దాన్ని పేజీకి అతికించకుండా, ఒక అంచును మాత్రం పట్టీ రెక్కకు అతికించండి. అప్పుడు అది కూడా ఒక పేజీలా తిరుగుతుంది. ఇంకో జాగ్రత్త: వేడితో అచ్చయ్యే నున్నటి టికెట్ల మీది అక్షరాలు కాలం గడిచేకొద్దీ వెలిసిపోతాయి, కొన్ని జిగుర్లు ఆ పనిని త్వరపెడతాయి కూడా. తేదీ, ఎక్కిన చోటు, దిగిన చోటు పక్కనే కలంతో రాసిపెట్టుకోండి.

మూడు రంధ్రాల కుట్టు

ఒకే ఫారాన్ని కుట్టి పుస్తకం చేయడం చాలా పాత పద్ధతి. 1945లో ఈజిప్టులోని నాగ్ హమ్మాది దగ్గర దొరికిన పాపిరస్ (ఒక రకం నీటి మొక్కతో చేసిన కాగితం లాంటిది) పుస్తకాలు 4వ శతాబ్దానికి చెందినవి. వాటిలో చాలావరకు ఇలా ఒకే కట్టగా మడిచి కుట్టినవే. వాటి తోలు అట్టలు గట్టిగా ఉండటానికి లోపల వాడిపారేసిన పాపిరస్ ముక్కలు, పాత ఉత్తరాలు, లెక్కల కాగితాలు అతికించారు. చిత్తుకాగితంతో అట్ట చేయబోతున్న మనకు ఇంతకంటే మంచి తోడు ఎవరు దొరుకుతారు?

రంధ్రాలకు ముందు ఒక కొలత పట్టీ చేసుకోండి. 148 మి.మీ. పొడవున్న సన్నటి కాగితాన్ని సగానికి మడిస్తే మధ్య గుర్తు దానంతటదే వస్తుంది. రెండు చివరల నుంచి 25 మి.మీ. లోపలికి మరో రెండు గుర్తులు పెట్టండి. దాన్ని ఫారం మధ్య మడతలో ఉంచి, కింద మడిచిన పాత వార్తాపత్రికలు దొంతరగా వేసి, ఫారాన్ని సగమే తెరిచి దబ్బనంతో గుచ్చండి. దబ్బనం మడత గీతలోనే దిగాలి. వెనక తిప్పి చూస్తే మూడు రంధ్రాలూ వెన్ను మీదే ఉండాలి. పక్కకు పోతే మళ్లీ గుచ్చండి, కుట్టు బలమంతా అక్కడే ఉంది.

దారం ఫారం ఎత్తుకు మూడింతలు, అంటే దాదాపు 45 సెం.మీ. ఉండాలి. మరీ సన్న దారం కాగితాన్ని కోసేస్తుంది కాబట్టి మందపాటి నూలు దారం తీసుకోండి, లేదా మామూలు దారాన్ని రెండు పేటలు చేయండి. కొవ్వొత్తి మీద రెండుసార్లు లాగితే మైనం పట్టి చిక్కు పడకుండా ఉంటుంది, ముడి కూడా జారదు.

లోపలి నుంచి మధ్య రంధ్రం గుండా సూదిని బయటకు తీయండి, 6 సెం.మీ. కొస లోపలే వదలండి. బయట పై రంధ్రం దాకా వెళ్లి లోపలికి దిగండి. లోపల మధ్య రంధ్రాన్ని దాటేసి, నేరుగా కింది రంధ్రం గుండా బయటకు రండి. అక్కడి నుంచి మళ్లీ మధ్య రంధ్రంలోకి, ఈసారి బయటి నుంచి లోపలికి. ముందే ఉన్న దారాన్ని సూది చీల్చకుండా చూసుకోండి. ఇప్పుడు రెండు కొసలూ లోపలి పొడవాటి దారానికి చెరోవైపు ఉండాలి. ఒకే వైపుంటే ఒకదాన్ని ఆ దారం కిందుగా దాటించండి.

బిగించేటప్పుడు దారాన్ని మడత వెంబడే లాగండి. పైకి, అంటే కాగితానికి లంబంగా లాగితే రంధ్రం చిరుగుతుంది. కుడి కొసను ఎడమ కొస మీదుగా ఒకసారి, తర్వాత ఎడమ కొసను కుడి కొస మీదుగా ఒకసారి వేసి, పొడవాటి దారం మధ్యలో చిక్కేలా ముడి బిగించండి. 1 సెం.మీ. వదిలి మిగతాది కత్తిరించండి.

ఇలాంటివే మొత్తం మూడు ఫారాలు చేయండి. వాటిని ఒకదానికొకటి కలిపి కుట్టమని నేను చెప్పను. విడివిడిగా ఒకే అట్టలో, సాగే దారం కింద ఇమిడ్చితే, నిండిన ఫారాన్ని తీసి బసలో భద్రపరిచి, ఖాళీది వెంట తీసుకెళ్లవచ్చు. దారిలో సంచి పోయినా అన్ని రోజుల రాతా ఒక్కసారే పోదు.

వచ్చే పాఠంలో ఆ అట్ట చేద్దాం. ఈలోగా ఒక ఫారంలో నాలుగైదు పాత టికెట్లు అతికించి, రాత్రంతా బరువు కింద ఉంచి, ఉదయం తీసి చూడండి. అంచు ఇంకా విచ్చుకుని ఉంటే తర్వాతి ఫారంలో ఒక పట్టీ ఎక్కువ వేయండి. వెన్నే ఇంకా లావుగా ఉంటే అతికించాల్సినవి మిగిలి ఉన్నట్టే. ముడతలు లేని గట్టి అట్టముక్క, పాత చొక్కా గుడ్డ ఒక మూర, వెడల్పు తక్కువ ఉన్న ఎలాస్టిక్ సిద్ధం చేసుకోండి.