ఇత్తడి విగ్రహాలు తోమడం: మా ఇంటి పద్ధతి

మాది కాకినాడ. ఈ ఉప్పుగాలికి ఇత్తడి ఇట్టే మాసిపోతుంది. అందుకే గురువారం సాయంత్రం అయ్యేసరికి మందిరంలో దేవుళ్ళందరినీ పళ్ళెంలోకి దించుతాను. శుక్రవారం తోమకూడదని అత్తయ్యగారి పట్టు, అదే నాకూ అలవాటైంది.

ముందు జిడ్డు పోవాలి. చాలామంది నేరుగా చింతపండు అందుకుంటారు. దీపం మసి, నూనె పేరుకున్న చోట పులుపు లోపలికి దిగదు. గోరువెచ్చటి కుంకుడు రసంలో కాసేపు ఉంచి, మెత్తటి పాత బ్రష్షుతో కడగండి. మడతల్లో గట్టిపడ్డ పసుపు, కుంకుమ కొబ్బరి ఈనెతో వచ్చేస్తాయి. సూది, పిన్నీసు వద్దు, గీత పడితే అది పోదు.

తర్వాత చింతపండు. నిమ్మకాయంత వేడినీళ్ళలో నానబెట్టి, చిటికెడు ఉప్పు వేసి, ఆ పిప్పితోనే రుద్దాలి. నలుపు కళ్ళెదుటే విడుతుంది. విడగానే కడిగేయాలి. పులుసు పట్టించి వేరే పనిలో పడితే విగ్రహం మీద ఎర్రటి మచ్చలు తేలతాయి. ఇత్తడి అంటే రాగి, జింకు కలిసిన లోహం. పులుపుకి జింకు ముందు కరిగిపోయి రాగి పైకి కనిపిస్తుంది. నిమ్మచెక్కతోనూ ఇదే గొడవ. ఇటుక పొడి, ఇసుక, స్టీలు పీచు మాత్రం మా గుమ్మం తొక్కవు. పాత ఇళ్ళలో ముక్కూ కళ్ళూ అరిగిపోయిన దేవుళ్ళని చూసే ఉంటారు, అదంతా ఇటుక పొడి చలవే.

ఎక్కడెక్కడ చూసి తోమాలో తెలియాలంటే విగ్రహాన్ని చదవాలి. వెంకటేశ్వరస్వామి కుడి అరచెయ్యి పాదాలని చూపిస్తుంది, శరణు అక్కడేనని. ఎడమచెయ్యి నడుం మీద ఉంటుంది, శరణన్నవాడికి సంసారసాగరం అంత లోతేనని పెద్దలు చెబుతారు. ఆ చేతికీ నడుముకీ మధ్య సందులోనే చందనం ఇరుక్కుంటుంది. వినాయకుడికైతే విరిగిన దంతం, తొండం చుట్ట, పాదాల దగ్గర ఎలుక. ఎంత పెద్ద కోరికైనా అదుపులో ఉంటే వాహనమేనని ఆ ఎలుకకి అర్థం చెబుతారు. అందరూ బొజ్జ మెరిపించి దాన్ని మర్చిపోతారు పాపం. పారాడే కృష్ణుడి గుప్పిట్లో వెన్నముద్ద చుట్టూ చిలుము పడుతుంది, నిజం వెన్న అక్కడే పెడతాం కదా! పచ్చగా కనిపించిందంటే చింతపండు పిప్పి కాసేపు అద్ది ఈనెతో తీసేయండి.

కనుబొమలు, పెదవుల గీతల్లో కాస్త నలుపు నేను కావాలనే ఉంచుతాను. అది కూడా పోతే ముఖంలో కళ ఉండదు.

కడిగాక తడి ఉండకూడదు. కుళాయి నీళ్ళు వాటంతటవే ఆరితే తెల్ల చుక్కలు మిగులుతాయి. పాత పంచె గుడ్డతో తుడిచి, కాసేపు గాలి తగిలే చోట పెట్టండి. అడుగున బోలుగా ఉండే విగ్రహాలని బోర్లించాలి, లోపల నీళ్ళు నిలుస్తాయి. సముద్రం దగ్గర ఉండేవాళ్ళు గుడ్డ మీద ఒక్క చుక్క కొబ్బరినూనె వేసి తుడిస్తే మంచిది. ఎక్కువైతే దుమ్ము పట్టేస్తుంది. పంచామృతంతో అభిషేకం చేసిన రోజు మాత్రం గురువారం దాకా ఆగొద్దు. పెరుగు, తేనె మడతల్లో నిలిచిపోతే చిలుము ఖాయం, వెంటనే కుంకుడు నీళ్ళతో కడగాలి.

ఇత్తడి పనికి పేరున్న అజ్జరం ఊళ్ళోనో మరో చోటో కొత్తది కొంటే, పైన లక్క పూత ఉందేమో అడగండి. పూత ఉన్నవాటికి చింతపండు పనికిరాదు, తడిగుడ్డ చాలు. పూత పెచ్చులూడితే నలుపు మచ్చలుమచ్చలుగా వస్తుంది. అప్పుడు పాలిష్ పెట్టేవాళ్ళకి ఇచ్చి మొత్తం తీయించేయడం మేలు. నిత్యం అభిషేకం చేసుకునే విగ్రహమైతే పూత లేనిదే తెచ్చుకోండి.