విక్టోరియా కాలపు టేపెస్ట్రీలో దేవదూతను పరిశీలించే పద్ధతి

విక్టోరియా కాలపు ఇంగ్లండులో మగ్గం మీద నేసిన చిత్రాలనే కాక, కాన్వాసు మీద ఉన్నితో కుట్టినవాటిని కూడా టేపెస్ట్రీ అనేవారు. కాబట్టి దేవదూత ముఖం ఎంత ఆకట్టుకున్నా, ముందుగా రెక్క అంచును చూడాలి. ఆ అంచు గళ్ల కాగితం మీద గీసినట్టు మెట్లు మెట్లుగా సాగితే, అది అచ్చు నమూనాను చూసి గడి గడిగా కుట్టిన బెర్లిన్ ఉన్నిపని అయి ఉండవచ్చు. మగ్గం మీద నేసిన అసలైన టేపెస్ట్రీలో పడుగు (నిలువు దారాలు) పైకి కనబడదు. ఒక్కొక్క రంగు పేక (అడ్డ దారం) బట్ట వెడల్పంతా సాగకుండా, తన రంగు ఉన్న మేరకే వెళ్లి వెనక్కి తిరుగుతుంది.

తరువాత ఈకలను నిదానంగా చూడాలి. లేత రంగు ముదురు రంగులోకి దువ్వెన పళ్లలా చొచ్చుకుపోయే చోట నేతగాని నేర్పు తెలుస్తుంది. నా దృష్టిలో మొత్తం పనిలో ఇంతకంటే అందమైన చోటు లేదు.

ఇందుకు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్న 'ఏంజెలి లౌదాంతెస్' (స్తుతించే దేవదూతలు) మంచి ఉదాహరణ. అలంకరణ కళల రూపకర్త విలియం మోరిస్ సంస్థ 1894లో మెర్టన్ ఆబీలోని తన పనిశాలలో నేయించిన ఈ టేపెస్ట్రీలోని దేవదూతల రూపాలను చిత్రకారుడు ఎడ్వర్డ్ బర్న్-జోన్స్ మొదట సాలిస్‌బరీ కెథెడ్రల్ రంగుటద్దాల కిటికీల కోసం గీశాడు. ఆ దేవదూతలు ఎగరకుండా, సన్నగా, నిటారుగా నిలబడి ఉండడానికి కిటికీ ఇరుకుతనమే కారణమని నా అభిప్రాయం. వారి వెనుక ఉన్న పూలను కూర్చినవాడు మాత్రం మోరిస్ సంస్థలోని రూపకర్త జాన్ హెన్రీ డియర్ల్. కాబట్టి దేవదూతల రూపాలను, పూల నేపథ్యాన్ని విడివిడిగా చూసి, ఆ తరువాతే కలిపి చూడడం మేలు.

చివరగా రంగులు చూడాలి. 1856లో రసాయన శాస్త్రవేత్త పెర్కిన్ కృత్రిమ ఊదారంగును కనుగొన్న తరువాత రసాయన రంగులు వ్యాపించినా, మోరిస్ నీలిమందు వంటి సహజ రంగులనే కోరుకున్నాడు. పాత టేపెస్ట్రీలో ఆకులు నీలంగా కనిపిస్తే, అవి మొదటినుంచీ అలాగే ఉన్నాయని అనుకోకూడదు. నీలం మీద వేసిన పసుపు వెలుతురుకు వెలిసిపోయినప్పుడు ఆకుపచ్చ అలా మారుతుంది. వెనుకవైపు చూసే వీలుంటే, వెలుతురు తగలని ఆ పక్కన మొదటి రంగు కొంతైనా మిగిలి ఉంటుంది.