ప్రభుత్వ ఉద్యోగి పని మీద ఆర్టీఐ దరఖాస్తు: ఏం అడగాలి, ఎలా అడగాలి

ప్రైవేటు కంపెనీలో ఇంజనీరు పని సరిగా చేశాడో లేదో అతని మేనేజరు చూసుకుంటాడు. ఆ లెక్కలు బయటివాళ్లకు చూపించాల్సిన పని కంపెనీకి లేదు. సరుకు నచ్చకపోతే మనం కొనడం మానేస్తాం, మోసం జరిగితే వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాం. పంచాయతీరాజ్ ఇంజనీరు విషయంలో ఆ వీలు లేదు. ఆయన వేయించిన రోడ్డు బాగాలేదని ఇంకో పంచాయతీరాజ్ శాఖకు మారిపోలేం కదా! ఆయన జీతమూ, రోడ్డు బిల్లూ రెండూ ప్రజల డబ్బే. అందుకే ఆ పని కాగితాలు చూపించమని అడిగే హక్కును 2005 నాటి సమాచార హక్కు చట్టం (ఆర్టీఐ) ప్రతి భారత పౌరుడికీ ఇచ్చింది.

దరఖాస్తు చేయడం తేలికే. తెల్లకాగితం, పది రూపాయలు చాలు. చిక్కంతా ప్రశ్న రాయడంలోనే ఉంది.

అడగకుండానే ఇవ్వాల్సినవి

చట్టంలోని 4వ సెక్షన్ ప్రకారం ప్రతి ప్రభుత్వ కార్యాలయం కొన్ని వివరాలు తనంతట తానే ప్రకటించాలి. అధికారులు, ఉద్యోగుల జాబితా, ఎవరి అధికారాలు ఏమిటి, ఎవరికి నెలకు ఎంత జీతం, సబ్సిడీ పథకాల్లో లబ్ధిదారులు ఎవరు వంటివి అందులో ఉంటాయి. ప్రైవేటు ఆఫీసులో పక్క సీటు మనిషి జీతం మనకు తెలియదు. ఇక్కడ దాన్ని బయటపెట్టడం ఆఫీసు బాధ్యత. వెబ్‌సైట్లలో ఈ జాబితాలు పాతబడి ఉండటం మామూలే. అయినా ముందు చూస్తే, ఏ ఆఫీసును అడగాలో తేలిపోతుంది.

దరఖాస్తు, ఫీజు

దరఖాస్తును తెలుగులోనే రాయొచ్చు. పైన 'పౌర సమాచార అధికారి' అని రాసి, ఆఫీసు పేరు, చిరునామా ఇవ్వండి. కింద మీ పేరు, అడ్రసు, సంతకం, తేదీ ఉండాలి. ఎందుకు అడుగుతున్నారో చెప్పనక్కర్లేదు. 'మీకెందుకండీ ఇవన్నీ' అని కౌంటర్లో అడిగితే 6(2) సెక్షన్ గుర్తుచేయండి. రాయడం రానివాళ్లు నోటితో చెబితే, దాన్ని కాగితం మీద పెట్టడానికి ఆ అధికారే సాయం చేయాలి.

కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలకు ఫీజు 10 రూపాయలు. పోస్టల్ ఆర్డర్ తీసి పంపొచ్చు, కేంద్ర ఆర్టీఐ పోర్టల్లో ఆన్‌లైన్లోనూ కట్టొచ్చు. రెండు తెలుగు రాష్ట్రాల్లో గ్రామ స్థాయి కార్యాలయాలకు ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. కోర్టు ఫీ స్టాంపు అతికించినా సరిపోతుంది. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లు ఆ ధ్రువపత్రం నకలు జతచేస్తే ఏ ఫీజూ కట్టనక్కర్లేదు.

నేరుగా ఇస్తే రెండో కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోండి. పోస్టులో పంపితే రసీదు దాచుకోండి. తర్వాత గడువు లెక్క తేల్చేది అదే. మీరు అడిగిన సమాచారం వేరే శాఖ దగ్గరుంటే, ఐదు రోజుల్లో వాళ్లే దరఖాస్తును అక్కడికి బదిలీ చేయాలి. 'ఇది మా పరిధి కాదు' అని తిప్పి పంపడం చెల్లదు.

ప్రశ్న ఎలా రాయాలి

చాలామంది కోపంతో రాస్తారు: 'రోడ్డు ఆరు నెలలకే ఎందుకు పాడైంది? దీనికి బాధ్యులెవరు?' దీనికి జవాబు రాదు. చట్టం ఇప్పించేది రికార్డుల్లో ఉన్న సమాచారాన్నే. అధికారి కొత్తగా అభిప్రాయం చెప్పాల్సిన అవసరం, లేని సమాచారాన్ని తయారుచేసి ఇవ్వాల్సిన అవసరం లేదని 2011లో సీబీఎస్ఈ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కాబట్టి మనిషిని నిలదీయకుండా కాగితాన్ని అడగాలి. అదే ప్రశ్న ఇలా మారుతుంది:

'ఫలానా వార్డులో ఫలానా ఆర్థిక సంవత్సరంలో వేసిన సీసీ రోడ్డుకు సంబంధించి అంచనా పత్రం, కాంట్రాక్టరుతో ఒప్పందం, ఎంబుక్ (పని కొలతల పుస్తకం) పేజీలు, నాణ్యత పరీక్ష నివేదిక, చెల్లించిన బిల్లుల నకళ్లు ఇవ్వగలరు. కొలతలు నమోదు చేసినవారి, తనిఖీ చేసినవారి పేరు, హోదా తెలపగలరు.'

బాధ్యులెవరో ఎంబుక్‌లోని సంతకాలే చెబుతాయి. కాగితాలతో తృప్తి కలగకపోతే పనిని స్వయంగా పరిశీలిస్తామని, వాడిన మెటీరియల్ నమూనా ధ్రువీకరించి ఇవ్వమని కూడా అడగొచ్చు. 2(జె) సెక్షన్లో ఉన్న ఈ సంగతి చాలామందికి తెలియదు.

మీ ఫైలే ఎక్కడో ఆగిపోయిందనుకోండి. 'ఫలానా తేదీన నేనిచ్చిన దరఖాస్తు ఎవరెవరి దగ్గరకు ఏయే తేదీల్లో వెళ్లింది, ఒక్కొక్కరు ఏం రాశారు, నోట్ ఫైలు నకలు ఇవ్వగలరు' అని అడగండి. జవాబు వచ్చేలోపే ఫైలు కదలడం నేను ఒకటికి రెండుసార్లు చూశాను.

1990లలో రాజస్థాన్ పల్లెల్లో కూలీలు తమ మస్టర్ రోల్స్ (హాజరు, కూలి పట్టీలు) చూపించమని పట్టుబట్టిన ఉద్యమం నుంచే ఈ చట్టానికి బలం వచ్చింది. వాళ్లు అడిగిందీ కాగితాన్నే.

ఎక్కడ ఆగాలి

ఉద్యోగి సొంత జీవితం మన సొత్తు కాదు. ఆయన ఆదాయపు పన్ను రిటర్నులు, ఆయనకిచ్చిన మెమోలు, షోకాజ్ నోటీసులు వ్యక్తిగత సమాచారం కిందికి వస్తాయని, విస్తృత ప్రజాప్రయోజనం చూపిస్తే తప్ప ఇవ్వనక్కర్లేదని 2012లో గిరీశ్ దేశ్‌పాండే కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2023 డేటా రక్షణ చట్టం ఈ మినహాయింపును ఇంకా వెడల్పు చేసింది. నాకైతే ఈ మార్పు నచ్చలేదు. పేరు కనిపించే ఏ కాగితాన్నైనా వ్యక్తిగతమని పక్కన పెట్టడానికి సాకు దొరికినట్టయింది. కానీ ప్రజాప్రయోజనం ఎక్కువైతే ఇవ్వొచ్చనే 8(2) సెక్షన్ ఇంకా ఉంది. అటువంటి సమాచారం అడిగేటప్పుడు మాత్రం, కారణం చెప్పనక్కర్లేకపోయినా, ప్రజాప్రయోజనం ఏమిటో రెండు వాక్యాలు రాయడం మంచిది.

ప్రైవేటు సంస్థ గురించి అడగాలంటే

కంపెనీకో, ప్రైవేటు బడికో నేరుగా ఆర్టీఐ పెట్టలేం. ప్రభుత్వ నిధులే ప్రధాన ఆధారంగా నడిచే సంస్థలకు మాత్రం చట్టం వర్తిస్తుంది. మిగతావాటికి ఇంకో మార్గం ఉంది: ఏ ప్రైవేటు సంస్థ నుంచైనా చట్టప్రకారం ప్రభుత్వ శాఖ తెప్పించుకోగల సమాచారాన్ని, ఆ శాఖనే అడగొచ్చు. బడి గుర్తింపు ఫైలు విద్యాశాఖ దగ్గర, ఫ్యాక్టరీ తనిఖీ నివేదిక ఫ్యాక్టరీల శాఖ దగ్గర, ఆసుపత్రి రిజిస్ట్రేషన్ కాగితాలు జిల్లా వైద్యాధికారి దగ్గర ఉంటాయి. ఇలాంటప్పుడు ఆ సంస్థ అభిప్రాయం అడగాలి గనుక గడువు 40 రోజుల దాకా పోవచ్చు. వ్యాపార రహస్యాలు ఇవ్వరు.

ప్రభుత్వ ఆఫీసులోనే పనిచేసే ఔట్‌సోర్సింగ్ సిబ్బంది సంగతేంటి? వాళ్ల యజమాని ఏజెన్సీ, చెల్లించేది ఖజానా. ఏజెన్సీతో ఒప్పందం, హాజరు, నెలవారీ చెల్లింపుల కాగితాలు ఆ ఆఫీసులోనే ఉంటాయి. అక్కడే అడగాలి.

జవాబు రాకపోతే

మామూలుగా 30 రోజులు. ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించినదైతే 48 గంటలు. నకళ్లకు కేంద్ర కార్యాలయాల్లో పేజీకి 2 రూపాయలు తీసుకుంటారు. గడువు దాటితే సమాచారం ఉచితంగానే ఇవ్వాలి.

జవాబు రాకపోయినా, అరకొరగా వచ్చినా, గడువు ముగిసిన లేదా జవాబు అందిన నాటి నుంచి 30 రోజుల్లోపు అదే కార్యాలయంలోని పై అధికారికి మొదటి అప్పీలు చేయండి. ఆయనకు 30 రోజులు, కారణం రాసి గరిష్ఠంగా 45 రోజుల గడువుంటుంది. అక్కడా తేలకపోతే 90 రోజుల్లో సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. తగిన కారణం లేకుండా ఆలస్యం చేసిన అధికారికి రోజుకు 250 రూపాయల చొప్పున, గరిష్ఠంగా 25,000 రూపాయల జరిమానా వేసే అధికారం కమిషన్‌కు ఉంది. అది ఆ అధికారే కట్టుకోవాలి, శాఖ కట్టదు.

ఒక మాట మాత్రం గుర్తుంచుకోవాలి: ఆర్టీఐ ఫిర్యాదు కాదు. కాగితాల్లో అక్రమం కనిపించిందని ఉద్యోగిని వెంటనే ఇంటికి పంపలేరు. రాజ్యాంగంలోని 311వ అధికరణం కింద, కొన్ని మినహాయింపులు తప్పితే, విచారణ తప్పనిసరి. ఆ చర్య కోరాలంటే దొరికిన నకళ్లు జతచేసి తెలంగాణలో ప్రజావాణిలో, ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక (పీజీఆర్‌ఎస్)లో, లేదంటే లోకాయుక్తకు విడిగా అర్జీ ఇవ్వాలి.