మొటిమలకు హార్మోన్ చికిత్స: మహిళలు ఎలా మొదలుపెట్టాలి, ఎంతకాలం చూడాలి

వయసు పాతికేళ్లు దాటినా దవడ అంచున, గడ్డం చుట్టూ నొప్పి పెట్టే గట్టి మొటిమలు వస్తూ, నెలసరి దగ్గరపడే కొద్దీ అవి ముదురుతూ, పూత మందులకు లొంగకపోతే, హార్మోన్ చికిత్స గురించి చర్మవైద్యులను అడగవచ్చు. ఆండ్రోజెన్ హార్మోన్లు (పురుష హార్మోన్లుగా పిలిచే ఇవి మహిళల్లోనూ కొద్దిగా ఉంటాయి) చర్మంలోని నూనె గ్రంథులను ప్రేరేపిస్తాయి. ఆ ప్రేరణను తగ్గించడమే ఈ మందుల పని. చాలామందిలో హార్మోన్ల స్థాయి సరిగానే ఉండి, గ్రంథులే అతిగా స్పందిస్తాయి కనుక, రక్తపరీక్ష మామూలుగా వచ్చినంత మాత్రాన ఈ దారి మూసుకుపోయినట్టు కాదు. నెలసరి క్రమం తప్పడం, ముఖంపై రోమాలు పెరగడం కూడా ఉంటే పీసీఓఎస్ (అండాశయాల, హార్మోన్ల పనితీరు దెబ్బతినే సమస్య) పరీక్షలు చేయించుకోవాలి.

గర్భం వద్దనుకునేవారికి ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ అనే రెండు హార్మోన్లూ కలిసిన గర్భనిరోధక మాత్రలు అనుకూలం. ప్రొజెస్టిన్ ఒక్కటే ఉన్న వాటితో కొందరికి మొటిమలు పెరుగుతాయి. గతంలో రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టినవారికి, అధిక రక్తపోటు, రొమ్ము క్యాన్సర్, కళ్ల ముందు మెరుపులతో మొదలయ్యే మైగ్రేన్ ఉన్నవారికి, 35 ఏళ్లు దాటి పొగతాగేవారికి ఈ కలయిక మాత్రలు తగవు. వైద్యులు అడగకపోయినా ఈ వివరాలు మీరే చెప్పండి. ఏ మాత్ర అన్నదానికన్నా ఇదే ముఖ్యమని నా గట్టి అభిప్రాయం.

రెండవ మందు స్పైరోనోలాక్టోన్. రక్తపోటుకు వాడే ఈ మందును మొటిమలకు సాధారణంగా రోజుకు 50 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, తట్టుకోగలిగితే 100కు పెంచుతారు. మూత్రం ఎక్కువగా వస్తుంది కనుక ఉదయం వేసుకుంటే రాత్రి నిద్ర చెడదు. చటుక్కున లేచినప్పుడు తల తిరగడం, రొమ్ముల నొప్పి, నెలసరి కాని రోజుల్లో రక్తం కనిపించడం జరగవచ్చు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, పొటాషియం పెంచే మందులు వాడేవారు రక్తంలో పొటాషియం పరీక్షించుకోకుండా దీన్ని వాడకూడదు. గర్భంలోని మగశిశువు ఎదుగుదలను దెబ్బతీసే అవకాశం ఉన్నందున, వాడినంతకాలం నమ్మకమైన గర్భనిరోధం తప్పనిసరి.

మాత్రలు వద్దనుకునేవారికి ఆండ్రోజెన్‌ను చర్మంలోనే అడ్డుకునే క్లాస్కోటెరోన్ క్రీము ఉంది. అమెరికాలో 2020లో అనుమతి పొందింది.

ఏది ఎంచుకున్నా తొందరపడకండి. బ్రిటన్‌లో స్పైరోనోలాక్టోన్‌పై జరిపి 2023లో ప్రచురించిన పరీక్షలో 12 వారాలకన్నా 24 వారాలకు మేలు స్పష్టంగా కనిపించింది. నెలకోసారి ఒకే వెలుతురులో, ఒకే కోణంలో ఫోటో తీసుకుంటే, అద్దంలో తెలియని మార్పు అందులో తెలుస్తుంది. అడాపలీన్ వంటి పూత మందును ఆపవద్దు. మాత్రలు మానాక మొటిమలు తిరిగి రావచ్చు, అప్పుడు పూతే ఆసరా. కలయిక మాత్రలు వాడేటప్పుడు కాలు వాచి నొప్పి పెట్టినా, ఊపిరి అందకపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా అది రక్తం గడ్డకట్టిన సూచన కావచ్చు కనుక, తదుపరి అపాయింట్‌మెంట్ దాకా ఆగక వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.