ఆక్యుపంక్చర్ కోర్సులో చేరే ముందు ఆర్టీఐ దరఖాస్తు ఇలా వేయండి

కర్నూలు, ఆదోని, ఎమ్మిగనూరు వైపు నర్సుల, ఏఎన్ఎంల వాట్సాప్ గ్రూపుల్లో ఆక్యుపంక్చర్ (సూదులు గుచ్చి చేసే చికిత్స) డిప్లొమా ప్రకటనలు తిరుగుతున్నాయి. ఆదివారం క్లాసులు, చివర్లో సర్టిఫికెట్, కింద 'ప్రభుత్వ గుర్తింపు కలదు' అని ఒక లైను. ఆ లైను నిజమో కాదో తేల్చుకోవడానికి సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు చాలు. ఫీజు 10 రూపాయలు.

ముందు కోర్సువాళ్లు చూపించే కాగితాల సంగతి. సొసైటీ రిజిస్ట్రేషన్ అంటే సంఘం నమోదైందని మాత్రమే, కోర్సుకు అనుమతి వచ్చిందని కాదు. ఉద్యమ్ సర్టిఫికెట్ అంటే చిన్న వ్యాపారాల నమోదు పత్రం, టైలరింగ్ షాపుకైనా ఉచితంగా వస్తుంది. ఇక కేంద్ర ఆరోగ్య పరిశోధన విభాగం 2019 ఫిబ్రవరి 21న ఇచ్చిన ఉత్తర్వు ఉంది. అది అసలైనదే. కానీ అది గుర్తించింది ఆక్యుపంక్చర్ అనే చికిత్సా విధానాన్ని. మీరు చేరబోయే సంస్థను కాదు. పశ్చిమ బెంగాల్ 1996లో, ఆ తర్వాత మహారాష్ట్ర దీనికి చట్టాలు చేసుకున్నాయి, అవి ఆ రాష్ట్రాలకే. 'డబ్ల్యూహెచ్‌ఓ (ప్రపంచ ఆరోగ్య సంస్థ) అప్రూవ్డ్' అన్నారా, అక్కడే అనుమానించండి. డబ్ల్యూహెచ్‌ఓ కోర్సులకు అనుమతులు ఇవ్వదు, ప్రమాణాలు మాత్రమే చెబుతుంది. దాని 1999 మార్గదర్శకాల ప్రకారం డాక్టర్లు కానివాళ్ల పూర్తి శిక్షణకు 2,500 గంటలు కావాలి, అందులో కనీసం 1,000 గంటలు ప్రాక్టికల్, క్లినికల్ పని. ప్రకటనల్లో కనిపించే 200 గంటల లెక్క కూడా అందులోదే, కాకపోతే అది ఇప్పటికే డాక్టర్లైనవాళ్ల పరిమిత శిక్షణకు.

కేంద్ర ప్రభుత్వ ఆర్టీఐ ఆన్‌లైన్ పోర్టల్ తెరిచి ఆరోగ్య పరిశోధన విభాగాన్ని ఎంచుకోండి. అడ్రసు చివర 'గవ్ డాట్ ఇన్' ఉందో లేదో చూసుకోండి. అలాంటి పేర్లతోనే వందలు తీసుకునే ప్రైవేటు సైట్లు ఉన్నాయి. పేరు, ఇంటి చిరునామా నింపి, కార్డుతోనో నెట్ బ్యాంకింగ్‌తోనో 10 రూపాయలు కట్టాలి. బీపీఎల్ వాళ్లకు ఫీజు లేదు గానీ సర్టిఫికెట్ జత చేయాలి. రాష్ట్ర శాఖలకు ఉద్దేశించిన దరఖాస్తు ఈ పోర్టల్‌లో వేస్తే వెనక్కి పంపుతారు, ఫీజు తిరిగి రాదు.

ఎక్కువమంది తప్పులో కాలేసేది ప్రశ్న రాసే దగ్గరే. 'ఈ డిప్లొమా చెల్లుతుందా? ఇందులో చేరవచ్చా?' అని రాస్తారు. అది సలహా అడగడం. 'ఇది సమాచారం కిందికి రాదు' అని ఒక్క లైనుతో ఫైలు మూసేస్తారు. చట్టం ఇచ్చేది కార్యాలయంలో ఉన్న రికార్డులను. కాబట్టి కాగితం అడగండి. ఇంగ్లీషులో రాయించుకున్నా భావం ఇలా ఉండాలి:

'ఫలానా సంస్థ నడుపుతున్న ఫలానా కోర్సుకు అనుమతి ఇస్తూ మీ విభాగం జారీ చేసిన ఉత్తర్వు రికార్డుల్లో ఉంటే దాని నకలు ఇవ్వగలరు. ఆక్యుపంక్చర్ శిక్షణకు మీ విభాగం ఆమోదించిన సిలబస్, శిక్షణ గంటలు, చేరడానికి ఉండాల్సిన అర్హత తెలిపే పత్రాలు ఉంటే వాటి నకళ్లు ఇవ్వగలరు.'

సంస్థ పేరు బ్రోచర్‌లో ఎలా ఉంటే అక్షరం పొల్లుపోకుండా అలాగే రాయండి. 'అలాంటి రికార్డు లేదు' అని జవాబు వస్తే పని కాలేదని దిగులు పడొద్దు. మీకు కావాల్సిన జవాబు అదే. దాన్ని ప్రింటు తీసి కోర్సువాళ్ల ముందు పెట్టండి, ఏమంటారో చూడండి.

గవర్నమెంటు ఆసుపత్రిలో పనిచేసేవాళ్లకు ఒక టెన్షన్ ఉంటుంది, పైవాళ్లకు తెలిస్తే ఏమంటారో అని. మీరు దరఖాస్తు వేసేది పౌరులుగా, సొంత పేరుతో. ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. ఎందుకు అడుగుతున్నారో కూడా చెప్పనక్కర్లేదు, చట్టంలోనే అలా ఉంది.

జవాబుకు గడువు 30 రోజులు. విషయం వేరే శాఖదైతే 5 రోజుల్లో అక్కడికి పంపాలి. ఈలోగా 'సీట్లు అయిపోతున్నాయి, అడ్వాన్సైనా కట్టండి' అని ఫోన్లు వస్తాయి. రానివ్వండి. గడువు దాటినా, జవాబు నచ్చకపోయినా అదే పోర్టల్‌లో 30 రోజుల్లోపు మొదటి అప్పీలు వేయవచ్చు, దానికి ఫీజు లేదు. అయితే స్టేటస్ చూడాలన్నా, అప్పీలు వేయాలన్నా రిజిస్ట్రేషన్ నంబరుతో పాటు దరఖాస్తులో ఇచ్చిన మెయిల్ ఐడీ అడుగుతుంది. నెట్ సెంటర్‌లో చేయించుకుంటే సెంటర్‌వాళ్ల మెయిల్ పెట్టనివ్వకుండా మీదే ఇవ్వండి, నంబరును ఫోటో తీసుకోండి.