ఫ్యూజు పోకుండా హోల్డర్ ఎందుకు కరుగుతుంది: కారు యాంప్లిఫయర్ వైరింగులో వేడిని కనిపెట్టే పద్ధతి

గత మే నెలలో కర్నూలులో మా పిన్ని కొడుకు తన కారు బానెట్ ఎత్తి చూపించినప్పుడు, బ్యాటరీ పక్కనున్న ఫ్యూజు హోల్డర్ మూత ఒక వైపు మాత్రమే గోధుమ రంగుకు తిరిగి వంకరపోయి ఉంది. లోపలి 60 ఆంపియర్ల ఫ్యూజు మాత్రం చెక్కుచెదరలేదు. వైరింగ్ చేసిన మెకానిక్ 100 ఆంపియర్ల ఫ్యూజు వేసుకుంటే సరిపోతుందని చెప్పి పంపాడట. ఆ మాట ఎవరు చెప్పినా వినవద్దు. బ్యాటరీ దగ్గరి ఫ్యూజు ఉన్నది ముఖ్యంగా అక్కడి నుండి డిక్కీలోని యాంప్లిఫయర్ దాకా కార్పెట్ కింద సాగే వైరును కాపాడడానికే. వైరు మోయగలిగిన దానికంటే పెద్ద ఫ్యూజు వేస్తే, ఎక్కడైనా షార్టు అయిన రోజున ఫ్యూజుకంటే ముందు వైరే కాలుతుంది.

ఫ్యూజు పోకుండా హోల్డర్ కరిగిందంటే కరెంటు మితిమీరలేదనీ, ఏదో ఒక అతుకు దగ్గర నిరోధం పెరిగిందనీ మొదట అనుమానించాలి. వేడి కరెంటు వర్గాన్ని (కరెంటును కరెంటుతోనే గుణించిన విలువను) బట్టి పెరుగుతుంది కనుక, వదులైన అతుకులో ఓమ్‌లో నూరో వంతు నిరోధం ఉన్నా, 50 ఆంపియర్లు ప్రవహించేటప్పుడు అక్కడ 25 వాట్ల వేడి పుడుతుంది. మనం వాడే చిన్న సోల్డరింగ్ ఐరన్ శక్తి అంతే. దాన్ని ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి మూత వేస్తే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

ముందుగా కంటితో చూడాలి. నల్లటి మచ్చ ఫ్యూజు రేకు మధ్యలో ఉంటే కరెంటు ఎక్కువైనట్టు, చివరల దగ్గరో వైరు దూరే వైపో ఉంటే అతుకు చెడినట్టు. ఎగిరిపోయిన ఫ్యూజు లోపలంతా మసి, లోహపు చిందులు కనిపిస్తే అది షార్టు. గాజు గొట్టం ఫ్యూజుల హోల్డర్లపై నాకు నమ్మకం లేదు, ఎందుకంటే వాటిలో స్ప్రింగు పట్టు తప్ప వేరే ఆధారం ఉండదు. బోల్టుతో బిగించే పట్టీ ఫ్యూజులు మేలు.

తరువాత మల్టీమీటరును డీసీ మిల్లీవోల్టులకు తిప్పి, ఇంజను నడుస్తుండగా 50 హెర్ట్జ్ పరీక్ష ధ్వనిని అర నిమిషానికి మించకుండా మోగించి, నిరోధం పెరిగిన చోట వోల్టేజీ ఎక్కువగా పడిపోతుంది కనుక దారి పొడుగునా ముక్కముక్కగా కొలవాలి. బ్యాటరీ సీసపు దిమ్మ నుండి లగ్గుకు (వైరు చివరనుండే లోహపు బిగింపుకు), వైరు రాగి నుండి హోల్డర్ ఇత్తడికి, ఇత్తడి నుండి ఫ్యూజు చివరకు, ఫ్యూజు ఒక చివర నుండి రెండో చివరకు. ఫ్యూజు రేకు మీద కొన్ని పదుల మిల్లీవోల్టులు పడడం సహజమే. అతుకు మీద మాత్రం అంతకంటే ఎక్కువ పడకూడదు. మా వాడి కారులో వైరు చివరకూ హోల్డర్ ఇత్తడికీ మధ్య 350 మిల్లీవోల్టులు వచ్చింది. పాట మోగుతుండగా కొలిస్తే మీటరు సగటును చూపుతుంది కాబట్టి అసలు వేడి తక్కువగా అనిపిస్తుంది. కరెంటు కొలవాలంటే డీసీ చూపే క్లాంప్ మీటరే (వైరు చుట్టూ కరిపించి కొలిచేది) కావాలి. చౌకగా దొరికే చాలా క్లాంపులు ఏసీ మాత్రమే కొలుస్తాయి.

లోపం దొరికిన తరువాత ఉంగరం, గడియారం తీసి, బ్యాటరీ మైనస్ లగ్గు విప్పి పని మొదలుపెట్టాలి. మేము స్క్రూ విప్పగానే కారణం తెలిసింది: అది సగం రాగి పోగుల మీద, సగం వైరు తొడుగు రబ్బరు మీద కూర్చుంది. వేడికి రబ్బరు మెత్తబడిన కొద్దీ పట్టు వదులవుతూ, వదులైన కొద్దీ వేడి పెరుగుతూ వచ్చింది. నల్లబడిన చివర కోసేసి, మెరిసే రాగి కనిపించేలా తొడుగు తీసి, రాగి ఫెర్రూల్ (పోగులను కలిపి పట్టి ఉంచే చిన్న గొట్టం) తొడిగి నొక్కి, కొత్త హోల్డర్‌లో బిగించాము. పోగులకు సోల్డర్ పూసి స్క్రూ కింద పెట్టే అలవాటు మంచిది కాదు. సోల్డర్ ఒత్తిడికి క్రమంగా కుంగి అతుకు మళ్లీ వదులవుతుంది. ఎర్త్ దగ్గర కూడా పెయింటు గీకి తెల్లటి ఇనుము మీదే బోల్టు వేయాలి.

అతుకులన్నీ బాగున్నా వేడి తగ్గకపోతే వైరును అనుమానించాలి. ఒక పోగును కత్తితో గీకితే లోపల తెల్లగా ఉంటే అది రాగి పూసిన అల్యూమినియం. అదే మందంలో దాని నిరోధం రాగికంటే సుమారు ఒకటిన్నర రెట్లు. 4 గేజ్ అంటే 21 చదరపు మిల్లీమీటర్ల రాగి ఉండాలి గాని, లావు తొడుగు కాదు. లెక్క కూడా సరిచూసుకోవాలి: 500 వాట్ల క్లాస్ డి (తక్కువ విద్యుత్తు వృథా చేసే రకం) యాంప్లిఫయర్ 80 శాతం సామర్థ్యంతో, 13.5 వోల్టుల వద్ద దాదాపు 46 ఆంపియర్లు లాగుతుంది. స్పీకర్లను యాంప్లిఫయర్ భరించే ఓమ్‌లకంటే తక్కువకు కలిపితే ఇంకా ఎక్కువ లాగుతుంది.

ఫ్యూజు రేటింగు సాధారణంగా 25 డిగ్రీల దగ్గర లెక్కగట్టినది. మన జిల్లాల్లో మే నెలలో బయటే 42 డిగ్రీలు దాటుతుంది, బానెట్ కింద చెప్పనక్కరలేదు. అందుకే నిలకడగా లాగే కరెంటు రేటింగులో నాలుగింట మూడు వంతులకు మించకుండా చూసుకుని, హోల్డర్‌ను బ్యాటరీకి 45 సెంటీమీటర్లలోపే, ఎగ్జాస్ట్ గొట్టానికి దూరంగా అమర్చాలి. మా వాడి కారులో పాత 60 ఆంపియర్ల ఫ్యూజే ఉంది, అతుకు మీద ఇప్పుడు 30 మిల్లీవోల్టులు. వారం తరువాత స్క్రూ మళ్లీ బిగించినప్పుడు పావు చుట్టు తిరిగింది.